యమునను దాటిన కార్డు: ఒక హస్తాక్షర విచారము

సీతాన్వేషణమునకై దక్షిణదిశకు బయలుదేరు వేళ శ్రీరామచంద్రుడు తన నామము చెక్కబడిన అంగుళీయకమును హనుమంతునకు ఒసగెను. శతయోజన విస్తీర్ణమైన సముద్రమును ఆకాశమార్గమున దాటిన ఆ మహాత్ముడు తనతో గొనిపోయినది ఆ ఉంగరమొక్కటియే. అశోకవనమున దానిని అందుకొన్న సీతమ్మకు భర్తయే ఎదుట నిలిచినంత ఆనందము కలిగెనని వాల్మీకి మహర్షి వర్ణించెను. అది బంగారమగుటచే ఆ ఆనందము కలుగలేదు. ఆ నామము వెనుక ఆ వ్యక్తి ఉన్నాడను విశ్వాసముచే కలిగినది. నామాంకితమైన వస్తువునకు విలువ ఎచ్చటినుండి వచ్చుచున్నదను ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన సమాధానము అరుదు.

ఆ విశ్వాసమే ఈనాటికిని లోకమున పలువిధములుగ పనిచేయుచున్నది. విమానయానపు తొలినాళ్ళలో ఆకాశమున ఎగిరిన సాహసికుల హస్తాక్షరములను సేకరించువారు ప్రపంచమంతట కలరు. 1903 డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని కిట్టీహాక్ ఇసుకతిన్నెలపై ఆర్విల్ రైట్ మొదటిమారు ఎగిరినపుడు గాలిలో నిలిచినది 12 సెకనులు. దాటిన దూరము 120 అడుగులు. అన్న విల్బర్ 1912లో టైఫాయిడు జ్వరముచే మరణించెను. తమ్ముడు ఆర్విల్ 1948 వరకు జీవించెను. కావున తమ్ముని సంతకముకంటె అన్న సంతకము అరుదు; అరుదగుటచే మూల్యము అధికము. మరణము త్వరగా వచ్చినవాని అక్షరమునకు విపణిలో వెల పెరుగుట విచిత్రమే అయినను లోకరీతి అట్లున్నది.

సంతకము చేసిన ఛాయాచిత్రములు, బ్యాంకు చెక్కులు, లేఖలు ఇట్లు ఎన్నియో ఉన్నను, విమానమున ప్రయాణించిన తపాలా కార్డునకు, కవరునకు సంగ్రాహకులలో ప్రత్యేక గౌరవము కలదు. ఛాయాచిత్రము నేలపై నుండగనే సంతకము పొందును. కార్డు అట్లు కాదు. అది స్వయముగ ఆకాశమున సంచరించి వచ్చినది. దానిపై తపాలాముద్ర దేశకాలములను చెప్పును; సంతకము ఆ కార్యమును నెరవేర్చిన పురుషుని చెప్పును. రెండు సాక్ష్యములు ఒకే కాగితముపై నుండుట దాని విశేషము.

అట్టి తపాలాకు జన్మస్థలము భారతదేశమే. 1911 ఫిబ్రవరి 18, శనివారము, మాఘమాస కృష్ణపక్షము. ప్రయాగలో సంయుక్త రాష్ట్రముల ప్రదర్శన జరుగుచుండెను. దానికై వాల్టర్ విండ్‌హామ్ అను ఆంగ్లేయుడు ఓడలో విమానములను తెప్పించియుండెను. అచ్చటి విద్యార్థి వసతిగృహమునకు ధనము కావలసివచ్చుటచే, విమానమున ఉత్తరములను పంపి, ఒక్కొక్కదానికి 6 అణాల చొప్పున రుసుము గ్రహించి, ఆ సొమ్మును వసతిగృహమునకు ఇచ్చు ఏర్పాటు జరిగెను. 23 ఏండ్ల ఫ్రెంచి యువకుడు ఆన్రి పెకే సుమారు 6,500 ఉత్తరములతో హంబర్ బైప్లేనుపై పోలో మైదానమునుండి లేచి, యమునను దాటి, నైనీ వద్ద దిగెను. ప్రయాణము 13 నిమిషములు. అధికారికముగ విమానమున సాగిన తపాలాలలో ప్రపంచమున ఇదియే మొదటిది. ఆ ఉత్తరములపై పర్వతముల మీదుగ ఎగురు విమానపు బొమ్మగల పెద్ద వృత్తాకార ముద్రను ఊదా కలిసిన ఎరుపు సిరాతో వేసిరి. కొద్ది చిత్రకార్డులపై పెకే స్వహస్తముతో సంతకము చేసెను. అవి సుమారు 40 అని సంగ్రాహకులు చెప్పుదురు.

ప్రయాగ యనగానే రామాయణము చదివినవారికి భరద్వాజాశ్రమము స్ఫురించును. లంకనుండి మరలివచ్చుచు పుష్పకము ఆగినది అచ్చటనే. అదే పుణ్యక్షేత్రమున గుడ్డ, కొయ్య, తీగలతో కూర్చిన ఒక చిన్న యంత్రము నదిని దాటినది. భక్తుడైనవానికి ఈ రెండును ఒకేసారి జ్ఞప్తికి వచ్చుట సహజము.

దక్షిణాపథమునకు విమానతపాలా నియతముగ వచ్చుటకు మరి 21 సంవత్సరములు పట్టెను. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగ బొంబాయికి పుస్ మాత్ అను చిన్న విమానమున తపాలాను తెచ్చెను. ఆయన 1929లో భారతదేశమున మొదటి వైమానికపత్రమును పొందినవాడు. బొంబాయినుండి ఆ సంచులను నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగ మద్రాసునకు చేర్చెను. తెలుగువారు విశేషముగ నివసించు దత్తమండలముల ఆకాశమున ఆ విధముగ తపాలా మొదటిమారు ఎగిరినది. తదుపరి కాలమున ఆ మార్గమున హైదరాబాదు కూడ మజిలీ అయినది.

ఈ చరిత్రమునంతను కంఠస్థముగ చెప్పగల ఒక వృద్ధుడు మధిరలో కలడు. ఖమ్మము జిల్లా దక్షిణపు అంచున, ఆంధ్ర సరిహద్దునకు చేరువలో, వైరా నది చెంత, కాజీపేట విజయవాడ రైలుమార్గముపై నున్న పట్టణమది. చుట్టును మిరప, ప్రత్తి చేలు. రాత్రివేళ రైళ్ళ ధ్వని వినిపించని యిల్లు అచ్చట తక్కువ. ఆయన రైల్వే మెయిల్ సర్వీసున సార్టరుగ పనిచేసి విశ్రాంతి పొందినవాడు. కదలుచున్న బండిలో, మసక దీపపు వెలుగున నిలబడి, వేలకొలది ఉత్తరములపై చిరునామాలను చదివి, ఏ ఊరి ఉత్తరమును ఆ ఊరి గూటిలో వేయుట ఆయన జీవితకాలపు వృత్తి. తొందరలో వ్రాసినదేదో, కన్నీటితో వ్రాసినదేదో, ఒకరి పేరిట మరియొకరు వ్రాసినదేదో అక్షరమును చూచి చెప్పగలిగినవాడు. ఎన్నో ఉత్తరములను విమానపు సంచిలో వేసెను గాని ఆయన స్వయముగ విమానము ఎన్నడును ఎక్కలేదు. ప్రతిదినము సుందరకాండ పారాయణము ఆయనకు నియమము.

విమానతపాలా సేకరణ ఆయనకు ఆ రెండింటినుండియు అలవడినది. ఒకవైపు ఉత్తరము, మరియొకవైపు ఆకాశలంఘనము. 1932లో బళ్ళారినుండి మద్రాసునకు ఎగిరిన కవరు ఒకటి, ప్రయాగ తపాలాకు ఏబది సంవత్సరములు నిండినందున 1961లో వెలువడిన మూడు తపాలాబిళ్ళల కవరు ఒకటి, 1982లో జె.ఆర్.డి. తన 78వ ఏట అదే మార్గమున చిన్న విమానమున ఒంటరిగ మరల ఎగిరిననాటి కవరు ఒకటి. జీతము చిన్నది, సంసారము పెద్దది. మిక్కిలి మూల్యము గలది ఏదియు ఆయన వద్ద లేదు.

1986లో హైదరాబాదున జరిగిన ఒక తపాలాబిళ్ళల ప్రదర్శనలో ఒక వర్తకుని వద్ద ఆయన ప్రయాగ కార్డును చూచెను. ముద్ర స్పష్టముగ నున్నది. ముద్ర ప్రక్కన నీలి సిరాతో పెకే సంతకము ఉన్నది. వర్తకుడు చెప్పిన ధర ఆయన అనేక మాసముల జీతము. మారు పలుకక ఇంటికి వచ్చిన ఆయన రెండు దినములు అన్నము సరిగా తినలేదు. మూడవనాడు భార్య కారణమడిగెను.

“ఏ కాగితమండీ అది?”

“ప్రయాగది. మొట్టమొదట విమానంలో పోయిన ఉత్తరం.”

“ప్రయాగలో ఎక్కడికి పోయింది?”

“యమున దాటి అవతలి ఒడ్డుకు.”

ఆమె కొంతసేపు ఆలోచించెను. “ప్రయాగలో యమున దాటిందా? అయితే తెచ్చుకోండి” అని చేతినున్న నాలుగు బంగారు గాజులను తీసి ఇచ్చెను. నాటినుండి ఆమె చేతులకు మట్టిగాజులే నిలిచినవి. ఆ విషయమును ఆమె ఎన్నడును మరల ఎత్తలేదు.

కార్డు ఇంటికి వచ్చినది. చూడవచ్చిన ప్రతివానికి ఆయన మొదట చూపునది సంతకము. ఈ అక్షరములు వ్రాసిన వ్రేళ్ళే ఆ విమానమును నడిపినవని చెప్పునపుడు ఆయన కంఠము గద్గదమగుచుండెడిది. ఆమె తీరు వేరు. ఏటేట మాఘమాసమున ఒకదినము ఆ కార్డును అద్దపు పెట్టెతో సహా దేవుని మందిరము ప్రక్కన నిలిపి, ఒక పుష్పమునుంచి నమస్కరించెడిది. “త్రివేణి చూసివచ్చిన కాగితం” అనుట తప్ప ఆమె దానిని గురించి వేరుమాట పలుకలేదు. దంపతులు కాశీప్రయాగలకు పోవలెనని ఎన్నియోమార్లు అనుకొనిరి, పోవుట కుదరలేదు.

రెండేండ్ల క్రిందట ఆమె పరమపదించెను. సంవత్సరీకము నాడు ఆయన ఒక సంకల్పము చేసికొనెను: ఆమె ఇచ్చిన నాలుగు గాజుల విలువను నేటి ధరకు లెక్కించి, ఆమె పేరిట భద్రాచల క్షేత్రమున అన్నదానమునకు సమర్పించవలెను. పింఛనుతో అది సాధ్యము కాదు. కావున కార్డును అమ్ముటకు నిశ్చయించెను. అపుడాయన వయస్సు 78; జె.ఆర్.డి. మరల ఎగిరిన వయస్సే. ఇంజనీరింగు చదువుచున్న మనుమరాలు ఫోనుతో కార్డు చిత్రమును తీసి హైదరాబాదులోని ఒక సంగ్రాహకునకు పంపెను. ఆయన ఆ చిత్రముతోడనే తృప్తుడై, నాలుగు గాజులకు సరిపడు ధరను ఒప్పుకొనెను. శనివారము స్వయముగ వచ్చి తీసికొందునని చెప్పి, ఆసక్తి కలుగునేమోయని ఒక పాత వేలపు పట్టికను ఆ వృద్ధునకు కానుకగ పంపెను. మధిర కార్డు కొనుగోలునకు చాల పూర్వమే విదేశమున అచ్చయిన పుస్తకమది. అందు పెకే సంతకము చేసిన వేరొక కార్డు చిత్రము అసలు పరిమాణముననే ముద్రితమై యుండెను.

వృద్ధుడు రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచెను. మొదట సంతోషము కలిగినది: రెండును ఒక్కటిగనే ఉన్నవి. మరుక్షణమున ఆ సంతోషమే శంకగ మారినది: రెండును మిక్కిలి ఒక్కటిగ ఉన్నవి. పలుచని కాగితముపై పుస్తకములోని సంతకమును గీసికొని, కిటికీ అద్దమునకు ఆనించి, తన కార్డుపై సంతకముతో సరిచూచెను. వంపునకు వంపు, తోకకు తోక, చివరి గీత పొడవుతో సహా సరిపోయినవి. జీవించియున్న మనుష్యుని హస్తము ఒకే సంతకమును రెండుమార్లు ఒకే విధముగ చేయజాలదు. శ్వాస మారును, కలము వాలు మారును, మనస్సు మారును. మార్పు లేకుండ వచ్చునది ప్రతిబింబము మాత్రమే. సార్టరుగ జీవితమంతయు అక్షరములను చూచినవానికి ఇది యెవరును చెప్పనక్కరలేదు.

పిమ్మట భూతద్దముంచి చూచెను. గీతల నడుమ సన్నని కాలువవంటి నొక్కు, అచ్చటచ్చట సిరా తెగిన చిన్న వెలితి, వంపుల వద్ద సంకోచించి నిలిచిన జాడలు. అది బాల్‌పాయింటు పెన్ను గీత. అట్టి పెన్నులు 1940 దశకమున గాని విపణిలోనికి రాలేదు. సాహసికుని త్వరితహస్తము కాదు; ఎదుట ఒక మాతృకనుంచుకొని భయముతో గీసిన చేయి. ముద్రను పరీక్షించెను, అది యథార్థము. కాగితము యథార్థము. బిళ్ళ యథార్థము. కార్డు నిజముగనే యమునను దాటినది. దానిపై పేరు మాత్రము దానిది కాదు.

ఆయనను బాధించినది మోసము మాత్రమే కాదు. మూడున్నర దశాబ్దములకు పైగ ఆ కార్డు ఆయన చెంతనే ఉన్నది. భూతద్దము కూడ చెంతనే ఉన్నది. ముద్రను, బిళ్ళను అనేక పర్యాయములు దానితో పరీక్షించిన ఆయన సంతకముపై దానిని ఒక్కమారును ఉంచలేదు. కనబడక కాదు, చూడదలచక. అవిద్యకు రెండు పనులని శాస్త్రము చెప్పును: ఉన్నదానిని కప్పుట, లేనిదానిని చూపుట. ఈ రెండింటికిని రాగము తోడయినపుడు విజ్ఞుడు సైతము పరీక్షను మానివేయును.

మనస్సు వెంటనే న్యాయవాదియై వాదము మొదలిడెను. పెకే 1974 వరకు జీవించెను గదా. వృద్ధాప్యమున ఎవరో అడుగగా బాల్‌పాయింటు పెన్నుతో సంతకము చేసియుండరాదా? చేసియుండవచ్చును. కాని అట్లు చేసిన సంతకము అచ్చులోని సంతకముతో వెంట్రుకవాసి తేడా లేకుండ సరిపోదు. వాదము అచ్చటనే ఆగిపోయినది.

మనుమరాలికి విషయము చెప్పగా ఆమె నిర్ఘాంతపోయెను. కొంతసేపటికి మెల్లగ అడిగెను: “తాతయ్యా, ఆయన ఫోటో చూసే ఒప్పుకున్నాడు. మనం చేసిన మోసం కాదుగా ఇది. మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలిసింది కదమ్మా.”

వేదాంతగ్రంథములు సాక్షి యను పదమును ఎంతయో వివరించును. చూచువాడు, చూడబడునది, చూపు, ఈ మూడును మారుచుండగ మారక ప్రకాశించునది సాక్షి. దానిని ఏకాంతమున కూడ తప్పించుకొనలేము. ఆ వృద్ధుని మాటలో ఉన్నది ఆ సాక్షియే. లోకమునకు తెలియుట తెలియకపోవుట వ్యవహారమునకు సంబంధించినది. తనకు తెలిసిన పిమ్మట తెలియనట్లుండుట అసాధ్యము.

అయినను ధర్మసంకటము తీరలేదు. ధనము తనకై కాదు. భార్య పేరిట, రాముని సన్నిధిని, ఆకలిగొన్నవారికై. సంకల్పము దైవము ఎదుట చేసినది. అసత్యమును దాచి సంకల్పమును నెరవేర్చవలెనా, సత్యమును చెప్పి సంకల్పమును విడువవలెనా? ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. స్టేషను మీదుగ పోవు బండ్లను లెక్కించుచు పడుకొనెను.

తెల్లవారుజామున ఆయనకు ఆ ప్రాంతమువారందరెరిగిన కథయే జ్ఞప్తికి వచ్చినది. మధిరకు ఎంతో దూరము లేని నేలకొండపల్లియే కంచెర్ల గోపన్న జన్మస్థలము. పాల్వంచ పరగణాకు తహసీలుదారైన గోపన్న ప్రభుత్వపు శిస్తుసొమ్ముతో భద్రాద్రిపై ఆలయమును నిర్మించెను, నగలు చేయించెను. అందులకై గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు గడపెను. ఆయనను భక్తరామదాసని లోకము కొనియాడును. ఆ కథలో కీర్తనలు పాడుకొనువారు తరచుగ దాటిపోవు అంశము ఒకటి కలదు. రామలక్ష్మణులు మారువేషమున తానీషా మందిరమునకు వచ్చి, 6 లక్షల మొహరీలు చెల్లించి, చెల్లుచీటిని వ్రాయించుకొని, దానిని నిద్రించుచున్న గోపన్న చెంత ఉంచిపోయిరని ఐతిహ్యము. జగన్నాథుడు కారాగారపు గోడలను కూల్చి భక్తుని విడిపించియుండవచ్చును. అట్లు చేయలేదు. తన ఆలయమునకై వ్యయమైన సొమ్మే అయినను, లెక్క చెల్లించి, రసీదు పుచ్చుకొనెను. దైవకార్యమగుటచే లెక్క మాఫీ కాదని ఆ కథ నిశ్చయముగ చెప్పుచున్నది. రసీదు వ్రాయించుకొన్న దేవుని హుండీలో దొంగసంతకపు సొమ్మును వేయుట ఎట్లు?

నిర్ణయమయ్యెను గాని దుఃఖము మిగిలినది. ఆమె గాజులు వ్యర్థమైనవను దుఃఖము. దానిని తీర్చినది ఆమె మాటయే. “ప్రయాగలో యమున దాటిందా? అయితే తెచ్చుకోండి.” ఆమె సంతకమును గురించి అడుగలేదు. పెకే యెవరో ఆమెకు పట్టలేదు. ఆమె గాజులిచ్చినది యమునను దాటిన కాగితమునకు. ఆ కాగితము నిజముగనే యమునను దాటినది. ఆమె కోరినది ఆమెకు సంపూర్ణముగ లభించినది. మోసపోయినవాడు ఆయన ఒక్కడే.

అద్వైతులు తరచుగ చెప్పు శుక్తిరజత దృష్టాంతము ఇచ్చట అక్షరాల వర్తించును. సముద్రతీరమున ముత్యపుచిప్ప మెరయుచుండగ లోభియైనవాడు ‘ఇది వెండి’ యని పరుగిడును. చెంతకు పోయి చూచి ‘ఇది వెండి కాదు, చిప్ప’ యని తెలిసికొనును. ఈ రెండు వాక్యములలో ‘వెండి’ పోయినది గాని ‘ఇది’ యనునది పోలేదు. భ్రమకాలమునను, జ్ఞానకాలమునను ‘ఇది’ నిలిచియే యున్నది. ఆరోపితమునకే బాధ, అధిష్ఠానమునకు బాధ లేదు. జ్ఞానము వచ్చినపుడు సర్వమును పోవునని భయపడువారు దీనిని గమనించవలెను. పోవునది ఎన్నడును లేనిదే. కార్డు విషయమున సంతకము వెండి, యమునాతరణము చిప్ప. చిప్పను చిప్పగనే ప్రేమించినవారికి నష్టమేమియు లేదు. ఆ ఇల్లాలు మొదటినుండియు అధిష్ఠానమునకే పుష్పముంచినది.

ఈ విచారము ఒక కార్డునకు పరిమితము కాదు. భరద్వాజ మహర్షి పేరిట వైమానికశాస్త్రమను గ్రంథమొకటి ప్రచారమున నున్నది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పండితులు 1974లో దానిని పరిశీలించి, అది 20వ శతాబ్దారంభమున వెలువడినదే గాని ప్రాచీనము కాదనియు, అందు చిత్రించిన విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. ఆస్తికులలో కొందరికి ఈ మాట కష్టము కలిగించును. కాని ఆలోచింపవలెను. ప్రయాగలో రామునకు ఆతిథ్యమిచ్చిన మహర్షి గౌరవము ఆ గ్రంథముపై ఆధారపడి యున్నదా? ఋషులకు అధిష్ఠానము తపస్సు, సత్యము. వారి పేరిట ఎవరో గీసిన సంతకమును తొలగించుటచే వారికి వెలితి రాదు. దానిని యథార్థమని పట్టుకొని వాదించుటచేతనే వారికి అపచారము కలుగును. భక్తి పరీక్షకు వెరవదు. వెరచునది రాగము, అది భక్తి వేషమును ధరించియుండును.

శనివారము సంగ్రాహకుడు వచ్చెను. వృద్ధుడు కార్డుతోపాటు ఒక చీటిని ఆయన చేతికిచ్చెను. ‘ఈ కార్డు 1911 ఫిబ్రవరి 18న ప్రయాగలో విమానమున యమునను దాటినది. దీనిపై నున్న వైమానికుని సంతకము యథార్థము కాదు; ఉత్తరకాలమున మాతృకను చూచి గీసినది’ అని అందు వ్రాసి, క్రింద తన పేరు వ్రాలు చేసియుండెను. కిటికీ అద్దముపై తాను చూచినది ఆ సంగ్రాహకునకు కూడ చూపెను. వచ్చినవాడు చాలసేపు మౌనముగ నుండి, సంతకము లేని కార్డునకు న్యాయమైన ధరనే ఇవ్వగలనని చెప్పెను. అది ఒక్క గాజు విలువకు సరిపోవునంత. వృద్ధుడు సమ్మతించి, ఒక్క నియమము చెప్పెను: కార్డు ఎవరి చేతికి పోయినను చీటి దానితోడనే పోవలెను. సంగ్రాహకుడు మాట యిచ్చి, చీటిని కార్డు వెనుక అదే కవచములో ఉంచి తీసికొనిపోయెను.

కార్డు గడప దాటునపుడు మనుమరాలు తాతగారి ముఖమును చూచెను. ఆమె అనుకొన్నంత విషాదము అందు లేదు. ఉత్తరము పుట్టినది పంపబడుటకే గదా యని మాత్రము ఆయన అనెను. హనుమంతుడు రాముని ఉంగరమును తనవద్ద దాచుకొనలేదు. చేరవలసిన చేతికి చేర్చెను. చేర్చి, దానికి మారుగ చూడామణిని తెచ్చి, దానిని కూడ రాముని చేతనుంచెను. రెండు నగలను మోసిన ఆ మహాత్ముని వద్ద తుదకు మిగిలినది నామమొక్కటే.

మరుసటి వారమున తాతయు మనుమరాలును ఖమ్మము మీదుగ బస్సులో భద్రాచలమునకు పోయి, గోదావరిలో స్నానమాడి, స్వామిని దర్శించి, ఒక్క గాజు విలువను ఆమె పేరిట అన్నదానమునకు సమర్పించిరి. మిగిలిన మూడింటి విలువను పింఛనునుండి ఏటేట కొంతగ తీర్చుటకు ఆయన సంకల్పమును సవరించుకొనెను. తనకు మిగిలిన ఆయువు దానికి చాలునో చాలదో తెలియదు; చాలనిచో మిగిలినది తాను తీర్చెదనని మనుమరాలు అడుగకయే చెప్పెను.

మధిరలోని ఆ యింట విమానతపాలా ఆల్బము నేటికిని కలదు. మొదటిపుటలో ప్రయాగ కార్డు ఉండిన చోట ఇపుడు అన్నదానపు రసీదు ఉన్నది. దానిపై ఆ ఇల్లాలి పేరు, తేదీ, క్రింద రసీదు వ్రాసిన గుమాస్తా సంతకము ఉన్నవి. అదియు బాల్‌పాయింటు పెన్నుతో చేసినదే. తొందరలో చేసినందున చివరి గీత వంకరపోయినది. చూడవచ్చినవారికి వృద్ధుడు ఇపుడు మొదట చూపునది దానినే.

శ్రీరామార్పణమస్తు.